గోలీ లేని వైద్యం కూడా వైద్యమే: హైదరాబాద్ స్త్రీల డాక్టర్లకు, ఆరోగ్య అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్లకు, నగర ప్రజారోగ్యం చూసే అధికారులకు నమస్కారం.

నేను బోరబండలో ఫిజియోథెరపిస్టుని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. మోకాళ్లు, నడుములు, మెడలు పట్టేసినవాళ్లు వస్తారు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. నడుంనొప్పి అని చెప్పి వస్తారు. బల్ల మీద పడుకున్నాక తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, గొంతు తగ్గించి అప్పుడు అసలు సంగతి చెబుతారు. "దగ్గితే బట్టలు తడుస్తున్నయ్ మేడం." "కిందికి ఏదో జారినట్టు ఉంటుంది, కూసుంటే తగుల్తది." "నెలనెలా రెండు దినాలు పనికి పోలేను, పైసలు కోస్తరు." ఈ మూడు మాటలూ ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాను.

కిందటేడు మా గల్లీ, పక్క బస్తీల ఆడవాళ్లం ఇరవై ఆరుగురం కలిసి, ఈ బాధలకు గోలీ లేని వైద్యం కూడా చెప్పాలని ఒక అర్జీ రాసుకున్నాం. ఒక ప్రభుత్వ కార్యాలయంలో మూడుసార్లు ఇచ్చాం. మొదటిసారి రసీదు ఇచ్చారు. రెండోసారి ఇది మా సెక్షన్‌ది కాదన్నారు. మూడోసారి కాగితం తీసుకున్నాయన రెండు లైన్లు చదివి, "ఇట్లాంటివి కూడా రాసిస్తారా అమ్మా" అని మడతపెట్టి పక్కన పెట్టాడు. మా వెంట వచ్చిన అరవై ఏళ్ల పెద్దామె ఆ మాటకు తలవంచుకుని బయటికొచ్చింది. మళ్లీ ఆఫీసు మెట్లెక్కనంది. జవాబు ఇంతవరకూ రాలేదు. అందుకే అదే అర్జీని ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అపార్థం రాకుండా ఒక సంగతి ముందే చెబుతాను. నేను మందులకు వ్యతిరేకిని కాను. నా రెండో కాన్పులో రక్తం ఆగకపోతే ఆపింది ఇంజెక్షనే. ఆ రోజు ఆ మందు లేకుంటే నా పిల్లలకు తల్లి ఉండేది కాదు. చలిజ్వరంతో మూత్రంలో మంట వస్తే యాంటీబయాటిక్ పడాల్సిందే. గర్భిణికి బీపీ పెరిగితే గోలీ వేసుకోవాల్సిందే. నేను అడిగేది వేరే. ఆడవాళ్ల బాధలు కొన్నింటికి మొట్టమొదట చేయాల్సిన వైద్యం గోలీ కాదని, కత్తి అసలే కాదని వైద్యశాస్త్రమే చెబుతోంది. వ్యాయామం, ఒక చిన్న రింగు, కాపడం, నీళ్లు, నడక, కాన్పు గదిలో పట్టుకోవడానికి ఒక చెయ్యి. వీటికి రుజువులున్నాయి, ఖర్చు తక్కువ. అయినా మా బస్తీ ఆడదానికి వీటి గురించి చెప్పేవాళ్లు లేరు. చెప్పకపోతే ఏమవుతోందో కింద రాస్తున్నాను.

1. దగ్గినా తుమ్మినా మూత్రం పడటం

దీని గురించి ఎక్కువ రాస్తాను. ఎందుకంటే దీని గురించి ఎవరూ రాయరు.

కాన్పుల తర్వాత, బరువులు మోయడం వల్ల, నెలసరి ఆగిపోయే వయసులో మూత్రాన్ని పట్టి ఉంచే కండరాలు సడలుతాయి. ఈ కండరాలకు వ్యాయామం ఉందని అమెరికాలో ఆర్నాల్డ్ కెగెల్ అనే స్త్రీల వ్యాధుల వైద్యుడు 1948లోనే రాశాడు. కాక్రేన్ సంస్థ 2018లో పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు, దగ్గితే మూత్రం పడే స్త్రీలలో ఈ వ్యాయామం చేసినవాళ్లలో 56 శాతం మంది తమకు నయమైందన్నారు. చేయనివాళ్లలో అలా అన్నది 6 శాతమే. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు కూడా ముందు కనీసం మూడు నెలలు, శిక్షణ ఉన్నవాళ్ల పర్యవేక్షణలో, రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి కనీసం ఎనిమిదిసార్లు కండరం బిగించమంటాయి. ఆపరేషన్ మాట ఆ తర్వాతే.

చెప్పడం తేలికే, నేర్పడమే కష్టం. గాలిని, మూత్రాన్ని ఒకేసారి ఆపుకుంటున్నట్టు కండరాన్ని లోపలికి, పైకి లాగాలి. ఊపిరి బిగబట్టకూడదు. పిరుదులు, తొడలు బిగించకూడదు. నోటిమాటగా చెప్పి పంపేస్తే చాలామంది తప్పుగా చేస్తారు. కొందరు పైకి లాగాల్సింది పోయి కిందికి ముక్కుతారు, ఉన్న బాధ ఇంకా పెరుగుతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడమే వ్యాయామం అనుకుని రోజూ అలా చేసేవాళ్లున్నారు, అదీ మంచిది కాదు. అందుకే పక్కన కూర్చుని, చూసి, సరిచేసే మనిషి కావాలి. నేనేమో మోకాళ్లు, నడుములు చూసేలా చదువుకున్నదాన్ని. ఈ పని నేర్చుకోవడానికి నా సొంత డబ్బుతో, సెలవులు పెట్టుకుని వెళ్లాల్సి వచ్చింది. బస్తీ దవాఖానాలు మొదలైంది 2018లో. మా చుట్టుపక్కల వాటిల్లో ఇది నేర్పే మనిషి ఇప్పటికీ నాకు కనిపించలేదు.

ఇది చెప్పకపోతే ఏమవుతుంది? కొండాపూర్‌లో నాలుగు ఫ్లాట్లలో పనిచేసే ఒకామె పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేసింది. తాగితే పోయాలి, పోయడానికి ఆ ఇళ్లలో పనిమనుషులకు బాత్రూం ఇవ్వరు. నీళ్లు తగ్గాక మంట మొదలైంది. పాత చీర ముక్క పెట్టుకుని తిరిగితే తొడలు ఒరుసుకుపోయాయి. చివరికి వాసన వస్తోందని ఒక ఇంట్లో పని మాన్పించారు. మా గల్లీ చివర ఉండే ఇంకొకామె నమాజ్‌లో సజ్దాకు (నుదురు నేలకు ఆనించడానికి) వంగితే వజూ (నమాజ్‌కు ముందు కడుక్కున్న శుద్ధి) పోతోందని లోపల్లోపల కుమిలిపోయింది. ఐదు పూటలూ మళ్లీ మళ్లీ కడుక్కునేది. పెళ్లిళ్లకు పోవడం మానేసింది, గుంపులో కూర్చోవడం మానేసింది. అత్తకూ కూతురికీ చెప్పలేదు. నాతో చెప్పింది, అదీ పదకొండేళ్ల తర్వాత. నేర్పాక నాలుగు నెలలకు, "ఈసారి రంజాన్‌కి తరావీహ్ మొత్తం చదివిన" అని, ఆ నెల రాత్రుల్లో చదివే పొడవాటి నమాజ్ సంగతి చెప్పి, సేమ్యా తెచ్చింది. ఆమె ఒక్క గోలీ వేసుకోలేదు.

ఇక్కడే మన ఇళ్లలోని సంగతి కూడా ఒకటి చెప్పాలి, తప్పంతా డాక్టర్లదే అనడం న్యాయం కాదు. బాలింతకు నీళ్లు ఎక్కువ తాగనివ్వం. నీరు పడుతుందని, పొట్ట పెరుగుతుందని అంటాం. పచ్చి కూరగాయలు, పండ్లు వద్దంటాం. దాంతో మలబద్ధకం. ముక్కి ముక్కి, అప్పుడే కాన్పుతో సాగిపోయిన కండరాలు ఇంకా సాగుతాయి. నెల తిరక్కుండానే ట్యాంకర్ దగ్గర బిందెలు ఎత్తిస్తాం. పాలిచ్చే తల్లికి నీళ్లు ఇంకా ఎక్కువ కావాలని మా అమ్మలకు, అత్తలకు ఒక డాక్టరు గట్టిగా చెబితే వింటారు. నేను చెబితే "నీకేం తెలుసు, నీది చిన్న చదువు" అంటారు.

2. గర్భసంచి తీసేయడం

మా అమ్మది మెదక్ జిల్లా పల్లె. నాకు పదిహేనేళ్లప్పుడు, తనకు ముప్పై నాలుగు. తెల్లబట్ట అవుతోందని, నడుం లాగుతోందని చిన్న పట్నంలోని ఒక నర్సింగ్ హోంకి పోయింది. సంచి తీసేయకపోతే క్యాన్సర్ అవుతుందన్నారు. నాన్న గేదెను అమ్మి కట్టాడు. సంచితోపాటు అండాశయాలు కూడా తీసేశారని మాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, వేరే డాక్టరు స్కానింగ్ చూసి చెబితే. ముప్పై నాలుగేళ్లకే ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, చిరాకు. దయ్యం పట్టిందన్నారు. యాభై రెండేళ్లకు వాకిట్లో జారితే మణికట్టు, తుంటి రెండూ విరిగాయి. చిన్న వయసులో అండాశయాలు పోతే ఎముకలకు, గుండెకు ముప్పని మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నడుంనొప్పి పోయిందా అంటే పోలేదు. నేను ఈ చదువు చదివింది ఆమె నడుం కోసమే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సుమారు 8 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద అది 3 శాతం పైచిలుకు. మన ఆడవాళ్ల గర్భసంచులకు మాత్రమే ఇంత జబ్బు ఎందుకు? అనవసరంగా తీయకుండా కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఇప్పటికీ నా దగ్గరికి ముప్పైల్లో ఆడవాళ్లు పొట్ట మీద కుట్టుతో వస్తున్నారు. ఎందుకు తీశారమ్మా అంటే "వాపు ఉందన్నరు" అంటారు. అంతకుమించి వాళ్లకు తెలియదు. కాగితాల మీద వేలిముద్ర ఉంటుంది.

గర్భసంచి తీయక తప్పని జబ్బులు ఉన్నాయి, కాదనను. కానీ తెల్లబట్ట ఒక్కటే సంచి తీయడానికి కారణం కాదు. సంచిలో గడ్డలు (ఫైబ్రాయిడ్లు) ఉన్నా అవి బాధపెట్టకపోతే, నెలసరి ఆగే వయసు దగ్గరపడితే, చూస్తూ ఆగవచ్చు. నెలసరి ఆగాక అవి మామూలుగా చిన్నవవుతాయి. సంచి కిందికి జారినవాళ్లకు సిలికాన్ రింగు ఉంది. దాన్ని పెసరీ అంటారు. సైజు చూసి లోపల పెడతారు. కొన్ని నెలలకోసారి తీసి కడిగి, పుండ్లు పడ్డాయేమో చూసి మళ్లీ పెట్టాలి. వయసు మళ్లినవాళ్లకు, గుండెజబ్బున్నవాళ్లకు, ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకు, ఆపరేషన్ ఇష్టం లేనివాళ్లకు అది వరం. నా దగ్గరికి వచ్చినవాళ్లలో సంచి జారిందని ఆపరేషన్ రాయించుకున్న పద్నాలుగు మందిని అడిగాను, రింగు గురించి మీకు ఎవరైనా చెప్పారా అని. ఒక్కరే అవునన్నారు. పద్నాలుగు మంది లెక్క సర్వే కాదని నాకు తెలుసు. కానీ ఆ మిగతా పదమూడు మందీ మనుషులే.

3. ఆడపిల్లల నెలసరి

నెలసరి నొప్పికి పొత్తికడుపు మీద వేడి కాపడం బాగా పనిచేస్తుంది, మన నాయనమ్మలు ఇసుక మూటతో చేసిందే. వ్యాయామం కూడా. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 45 నుంచి 60 నిమిషాలు చేస్తే, వందలో కొలిచే నొప్పి సుమారు 25 మేరకు తగ్గుతుందని కాక్రేన్ 2019లో తేల్చింది. కానీ అమీర్‌పేట హాస్టల్లో ఒక గదిలో ఆరుగురున్న పిల్ల ఎక్కడ చేస్తుంది? నీళ్లు కాచుకోవడానికి హీటర్ పెడితే వార్డెన్ జరిమానా వేస్తుంది. ఇంటర్ కాలేజీల్లో ఆటస్థలం ఎక్కడుంది? ఉన్నచోట మగపిల్లలు క్రికెట్ ఆడుతుంటే వీళ్లు మెట్ల మీద కూర్చుని చూస్తారు.

పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య, పీసీఓడీ అని కూడా అంటారు) సంగతి ఇంకా బాధగా ఉంటుంది. పద్దెనిమిదేళ్ల పిల్లను తీసుకుని తల్లి వెళుతుంది. రెండు నిమిషాల్లో స్కానింగ్, నెలసరి తెప్పించే గోలీలు, "బరువు తగ్గు" అనే ఒక్క మాట. గోలీలు ఆపగానే నెలసరి మళ్లీ తప్పుతుంది. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆహారం, కదలిక, నిద్ర, మనసు సంగతి మొదటినుంచీ చూడమంటాయి. ఫలానా డైటే గొప్పదని రుజువు లేదని కూడా అవే చెబుతాయి. అయితే గోలీ అవసరమైనవాళ్లకు ఇవ్వొద్దని అవి అనవు, నేనూ అనను. నెలల తరబడి నెలసరి రాకుండా వదిలేస్తే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, అది మంచిది కాదు. నేను అడిగేది, "బరువు తగ్గు" అన్న రెండు పదాల్ని వైద్యంగా మార్చమని. ఎంతసేపు నడవాలి, అన్నం ఎంత, పప్పు ఎంత, రాత్రి కాల్ సెంటర్ షిఫ్టు ఉన్న పిల్ల ఎప్పుడు పడుకోవాలి. ఆ "బరువు తగ్గు" విని ఇంటికొచ్చి అన్నమే మానేసి, మూడో రోజు మెట్రో స్టేషన్ మెట్ల మీద కళ్లు తిరిగి పడిన పిల్లను నేను చూశాను.

ఇంకో మాట. కాపడం పెట్టినా, నడిచినా తగ్గకుండా ప్రతినెలా పిల్ల మెలికలు తిరిగిపోతుంటే అది ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది సంచి బయట పెరిగే జబ్బు) కావచ్చు. "పెళ్లయితే తగ్గుతుంది" అని దయచేసి మీలో ఎవరూ అనకండి. పరీక్ష చేయండి.

రక్తహీనత గురించి పొట్టిగా చెబుతాను. పైన చెప్పిన 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. దీనికి ఐరన్ గోలీ కావాలి, ఇక్కడ గోలీనే మందు. కానీ ఆ గోలీని చాయ్‌తో మింగితే చాలావరకు వృథా. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ మన ఊళ్లోనే ఉంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని వాళ్లు 2024లో చెప్పారు. నిమ్మకాయ, ఉసిరికాయ తింటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఈ రెండు మాటలు గోలీల కవరు మీద తెలుగులో, ఉర్దూలో అచ్చువేయడానికి ఏం ఖర్చవుతుంది?

4. కాన్పు గది

అదే 2019-21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో 81.5 శాతం. దేశ సగటు 21.5. ఈ అంకెలు మీకు కంఠతా వచ్చు, తిప్పి చెప్పను. ముహూర్తం పెట్టించుకుని కోతకు వచ్చే కుటుంబాలు కూడా ఉన్నాయని ఒప్పుకుంటాను. కానీ నొప్పులు భరించలేక ఆ పిల్లే కోయమని బతిమాలితే, ఆ భరించలేనితనంలో ఆస్పత్రి వాటా ఎంత? మంచం మీద వెల్లకిలా పడుకోబెడతారు. తల్లిని బయట నిలబెడతారు. అరిస్తే అరవొద్దని కసురుతారు. నొప్పుల మొదటి దశలో నిలబడి, నడుస్తూ ఉంటే ఆ దశ గంటకు పైగా తగ్గుతుందని, పక్కన ఒక మనిషి తోడుంటే సిజేరియన్లు తగ్గుతాయని తేలిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో తోడు మనిషిని, నడకను, మర్దనను సిఫారసు చేసింది. మన దేశంలో కాన్పు తోడుకు 2016లోనే అనుమతి ఉంది. మంత్రసాని శిక్షణ పొందిన నర్సులను తయారుచేయడంలో తెలంగాణ 2017లోనే ముందడుగు వేసింది. దానికి ఈ రాష్ట్రానికి దక్కాల్సిన పేరు దక్కాలి. ఇంత చేసినవాళ్లు, ప్రతి కాన్పు గదిలో ఒక పరదా కట్టి ఒక అమ్మను లోపలికి రానివ్వలేరా?

5. నీళ్లు, టాయిలెట్

మాటిమాటికీ మూత్రంలో మంట వచ్చే స్త్రీలు, నీళ్లు తక్కువ తాగేవాళ్లయితే, రోజుకు లీటరున్నర అదనంగా తాగితే ఆ మంట రావడం దాదాపు సగానికి తగ్గిందని 2018లో ఒక పరిశోధన తేల్చింది. కూకట్‌పల్లి బట్టల షాపులో పొద్దున పది నుంచి రాత్రి పది దాకా నిలబడే అమ్మాయికి ఈ సలహా ఇచ్చాను. "తాగితే పోవాలి కదక్కా, మాకు రోజుకు రెండుసార్లే పంపుతారు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆమె ఏడాదిలో నాలుగుసార్లు యాంటీబయాటిక్ మింగింది.

6. "సహజం" పేరుతో అమ్ముతున్న పొడులు

దవాఖానాలో చెప్పకుండా వదిలేసినచోట ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. ఫోనులో వీడియోలు, బస్టాపుల దగ్గర గోడల మీద కాగితాలు: నలభై రోజుల్లో గర్భసంచి గడ్డలు కరుగుతాయి, పీసీఓడీ మాయం, సంతానం గ్యారంటీ, సైడ్ ఎఫెక్టులు లేవు. మందు లేని వైద్యాన్ని మనసారా నమ్మేదాన్ని కాబట్టే వీళ్లంటే నాకు ఎక్కువ కోపం. పేరు సహజం, డబ్బాలో ఏముందో దేవుడికే తెలియాలి. సీసం లాంటి లోహాలున్న మందులు దేశంలో చాలాసార్లు బయటపడ్డాయి. గర్భంలో బిడ్డకు సీసం విషం.

నెలసరి ఆగిపోయి ఆరేళ్లయిన ఒకామెకు మళ్లీ రక్తం కనిపించింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. వీడియో చూసి పొడి తెప్పించుకుంది. ఎనిమిది నెలలు కషాయం తాగింది. నడుం లాగుతోందని నా దగ్గరికి వచ్చినప్పుడు మాటల్లో బయటపడితే ఆ మధ్యాహ్నమే పెద్దాసుపత్రికి పంపించాను. క్యాన్సర్. మొదటి నెలలో వచ్చి ఉంటే అని డాక్టరు అన్న మాట ఆమె కొడుకు నాతో చెప్పి ఏడ్చాడు. నెలసరి ఆగాక ఒక్క చుక్క కనబడినా పరీక్ష చేయించుకోవాలన్న మాట ఆమెకు యాభై ఎనిమిదేళ్ల జీవితంలో ఎవరూ చెప్పలేదు.

నెలసరి దోషాలు సరిచేస్తామని మందులకు ప్రకటనలు ఇవ్వడం 1954 చట్టం ప్రకారమే నేరం. గర్భాశయ వ్యాధులు, సంతానలేమి కూడా ఆ చట్టం జాబితాలో ఉన్నాయి. మన రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు ఈమధ్య ఇలాంటి మందులను పట్టుకుంటున్నారు, సంతోషం. అయినా గోడల మీద కాగితాలు తగ్గలేదు.

నా సాటివాళ్లకు, యోగా నేర్పేవాళ్లకు, ప్రకృతి వైద్యులకు కూడా ఈ మాట వర్తిస్తుంది. బల్కంపేటలో ప్రకృతి వైద్య కళాశాల, ఎర్రగడ్డలో ఆయుర్వేద ఆస్పత్రి, చార్మినార్ పక్కన యునానీ ఆస్పత్రి ఉన్న ఊరు మనది. దేనికి రుజువుందో, దేనికి లేదో మనమే ముందు చెప్పాలి. యోగా చేస్తే నడుము బాగుంటుంది, నిద్ర బాగుంటుంది. కానీ నెలసరి ఆగే వయసులో వచ్చే ఒంటి ఆవిర్లను యోగా తగ్గిస్తుందనడానికి గట్టి రుజువు లేదు. వాటికి ఆలోచనల తీరు మార్చే కౌన్సెలింగ్ కొంత పనిచేస్తుంది. ఈ తేడా చెప్పకుండా ఫీజు తీసుకోవడం నావరకు తప్పు.

మేము అడిగేవి ఇవి:

1. 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమం కింద మంగళవారాలను ఆడవాళ్లకే కేటాయించారు. అదే మంగళవారం, అదే గదిలో, మూత్రం పట్టి ఉంచే కండరాల వ్యాయామం నేర్పే ఆడ ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టండి. ప్రతి కేంద్రానికి ఒకరు దొరక్కపోతే నాలుగు కేంద్రాలకు ఒకరు, వారం మార్చి వారం. తలుపుకు గడియ ఉండాలి.

2. బిడ్డకు ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం టీకాలకు తల్లి ఎలాగూ వస్తుంది. ఆ మూడుసార్లూ తల్లిని కూడా ఒక్క ప్రశ్న అడగండి: "మూత్రం ఆగుతోందా, ఏదైనా జారినట్టు ఉందా?" మొదటిసారి నేర్పి, మిగతా రెండుసార్లు సరిగా చేస్తోందో లేదో చూస్తే చాలు. కొత్త పథకం అక్కర్లేదు, టీకా కార్డులో ఒక గడి చాలు.

3. గర్భసంచి తీసే ముందు, ఎందుకు తీస్తున్నారు, అండాశయాలు ఉంచుతారా తీస్తారా, తీయకపోతే ఏం చేయొచ్చు అన్న మూడు విషయాలు తెలుగులో, ఉర్దూలో ఒక పేజీ మీద రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోండి. ప్రాణాపాయం లేనప్పుడు ప్రభుత్వ ఆస్పత్రిలో రెండో డాక్టరు అభిప్రాయం ఉచితంగా ఇప్పించండి. నలభై లోపు వాళ్లకు చేసిన ఆపరేషన్ల లెక్క, ఆస్పత్రి వారీగా, ఏటా బయటపెట్టండి.

4. ప్రసూతి ఆస్పత్రులన్నింటిలో పెసరీ రింగులు అన్ని సైజుల్లో ఉంచండి. పెట్టడం, కడగడం నర్సులకు నేర్పండి.

5. కాన్పు గదిలో ఒక ఆడ తోడును రానివ్వండి. నడవనివ్వండి. స్థలం లేదనే జవాబు మాకు వద్దు. పరదాకు పట్టే స్థలం చాలు.

6. షాపులు, అపార్ట్‌మెంట్లు, నిర్మాణ స్థలాల్లో పనిచేసే ఆడవాళ్లకు టాయిలెట్ ఉందో లేదో తనిఖీ చేయండి. దీన్ని ఆరోగ్య శాఖ అడిగితేనే కార్మిక శాఖ, మున్సిపల్ వాళ్లు కదులుతారు.

7. పొడుల ప్రకటన కనబడితే ఫొటో తీసి పంపడానికి ఒక వాట్సాప్ నంబరు ఇవ్వండి. చర్య తీసుకున్నాక పంపినవాళ్లకు చెప్పండి. మా ఆశా కార్యకర్తలకు, నెలసరి ఆగాక రక్తం కనబడిన ప్రతి ఆడమనిషినీ అదే వారం పరీక్షకు పంపే అధికారం ఇవ్వండి.

8. డాక్టర్లకు ప్రత్యేకంగా ఒక విన్నపం. ఒక్కొక్కరు పొద్దున ఓపీలో వంద మందిని చూస్తున్నారని నాకు తెలుసు. మీకు సమయం లేకపోతే, "నడుము సంగతి, మూత్రం సంగతి పక్క గదిలో చెప్పండి" అని ఆ రెండు ముక్కలు చీటీ మీద రాయండి. ఆ పక్క గది ఉండాలని అధికారులను మీరు అడగండి. మేము అడిగితే మడతపెట్టి పక్కన పెట్టారు. మీరు అడిగితే పెట్టలేరు.

మా పక్కనుంచి మేము చేయగలిగింది కూడా చెబుతాను. ఆశా కార్యకర్తలకు, నర్సులకు ఈ వ్యాయామం నేర్పడానికి వారానికి ఒక పూట నేను డబ్బు తీసుకోకుండా వస్తాను. నాతోపాటు ఇంకో ముగ్గురు ఫిజియోథెరపిస్టులు ఒప్పుకున్నారు. తెలుగు, ఉర్దూ పేజీలు రాసి ఉంచాం. తప్పులుంటే మీ డాక్టర్లు దిద్దాలి. ఆ ఇరవై ఆరు సంతకాల అర్జీ నకళ్లు కూడా మా దగ్గర ఉన్నాయి.

ఈ లేఖ అందిన ముప్పై రోజుల్లోగా ఒక మంగళవారం మాకు సమయం ఇవ్వండి. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాం. ఆరోజు మెట్లు దిగి వెళ్లిపోయిన పెద్దామెను కూడా వెంటబెట్టుకుని వస్తాను. మళ్లీ రానంది, కానీ ఈసారి లోపల కూర్చోబెట్టి వింటారని చెప్పి ఒప్పించాను.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు, ఇరవై ఆరుగురు ఆడవాళ్ల తరఫున
బోరబండ, హైదరాబాద్